అట్ట లేని పుస్తకానికి ముఖచిత్రం

పుస్తకం పైన ఉండేదానికి తెలుగులో రెండు మాటలున్నాయి. ఒకటి అట్ట, రెండోది ముఖచిత్రం. రెంటినీ ఒకే అర్థంలో వాడేస్తుంటాం కానీ అవి చేసే పనులు వేరు. అట్ట కాపాడుతుంది. జూన్‌లో బడి తెరవగానే కొత్త పుస్తకాలన్నిటికీ ఖాకీ కాగితంతో అట్టలేసుకున్నది అందుకే. ఆ కాగితం కింద అసలు బొమ్మ కనపడకుండా పోయినా ఎవరూ బాధపడలేదు, పుస్తకం ఏడాది పాటు చిరగకుండా ఉంటే చాలు. ముఖచిత్రం కాపాడదు, చూపిస్తుంది. లోపల ఏముందో ఒక చూపులో చెబుతానంటుంది. ఈ-బుక్ వచ్చాక ఈ రెండు పనులూ విడిపోయాయి. ఫైలు మాసిపోదు, చినగదు, చెదలు పట్టదు. దానికి అట్టతో పని లేదు. మిగిలింది ముఖచిత్రం ఒక్కటే. అంటే, ఒళ్ళు లేకుండా ముఖం మాత్రమే ఉన్న పుస్తకం.

ఆ ముఖాన్ని ఎవరిచేత వేయించాలి, దానికెంత ఖర్చు పెట్టాలి అన్నది మామూలుగా వ్యాపార ప్రశ్న. సొంతంగా ఈ-బుక్ వేసుకునేవాళ్ళకి సలహాలిచ్చేవాళ్ళలో ఎక్కువమంది "ప్రొఫెషనల్ కవర్ చేయించండి, అమ్మకాలు పెరుగుతాయి" అనే చెబుతారు. నిజమే కావచ్చు. నాకు మాత్రం ఇది అమ్మకాల కంటే ముందు నీతికి సంబంధించిన ప్రశ్న అనిపిస్తుంది. రాసినవాళ్ళే ప్రచురణకర్తలు కూడా అయినప్పుడు, ఆ ముఖం గురించి ఎవరికి జవాబు చెప్పుకోవాలి? పాఠకుడికా, పుస్తకానికా, తమ జేబుకా?

ముందు ఒక తేడా చూద్దాం. సొంతంగా పుస్తకం వేసుకోవడం మనకేమీ కొత్త కాదు. తెలుగులో ఎన్ని కవితా సంపుటాల రెండో పేజీలో "ప్రతులకు" అన్న మాట కింద కవిగారి ఇంటి అడ్రసే ఉంటుందో పుస్తకాల పిచ్చి ఉన్న ఎవరినడిగినా చెబుతారు. కానీ ఆ పుస్తకం నవోదయలోనో విశాలాంధ్రలోనో, హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లోనో చేతికొచ్చినప్పుడు బొమ్మ బాగాలేకపోయినా వేరే సాక్షులుంటారు. కాగితం, బరువు, వెనకట్ట మీద మాటలు, ముందుమాట రాసినవారి పేరు, మధ్యలో తెరిస్తే కంటబడే నాలుగు వాక్యాలు. కొట్టతను "అది బావుంటుంది సార్" అనడం కూడా ఒక సాక్ష్యమే. ఈ-బుక్ దుకాణంలో ఈ సాక్షులు చాలామంది రారు. శాంపిల్ ఉంటుంది, నిజమే, కానీ బొమ్మ మీద నొక్కాకే శాంపిల్ దాకా వెళ్తాం. అంతకుముందు ఉండేది వరసగా చిన్న చిన్న బొమ్మలు, వాటి కింద పేరు, ధర. ఆ బొమ్మని థంబ్‌నెయిల్ అంటారు, అంటే బొటనవేలి గోరు. నిజంగానే ఫోన్‌లో అంతే ఉంటుంది. 'మొహం చూసి బొట్టు పెట్టడం' అని మనవాళ్ళు తప్పుపడుతూ అనే మాట ఇక్కడ రోజువారీ పద్ధతి. వేరే దారి లేదు కాబట్టి పాఠకుణ్ణి తప్పుపట్టలేం.

ఇంకో విచిత్రం ఉంది. కిండిల్ కోసం సొంతంగా పుస్తకం వేసేవాళ్ళకి అమెజాన్ సూచించే కవర్ కొలత 2560 పిక్సెళ్ళ ఎత్తు, 1600 పిక్సెళ్ళ వెడల్పు. అంత పెద్ద బొమ్మని దుకాణంలో గోరంత చేసి చూపిస్తారు. నలుపు తెలుపు కిండిల్ తెర మీద అది 16 బూడిద రంగుల్లోకి మారుతుంది. పుస్తకం కొని మొదటిసారి తెరిస్తే, సాధారణంగా కవర్ దాటేసి నేరుగా మొదటి అధ్యాయానికే తీసుకెళ్తుంది. 2021లో లాక్ స్క్రీన్ మీద కవర్ చూపించే సదుపాయం పెట్టారు గానీ, చాలావరకు ఈ-బుక్ ముఖచిత్రం బతుకంతా కొనకముందే. పెళ్ళిచూపుల్లో మాత్రమే కనబడి, పెళ్ళయ్యాక మాయమైపోయే మొహం అది.

నీతి ప్రశ్న మొదలయ్యేది ఇక్కడే. అచ్చు పుస్తకానికి అబద్ధపు ముఖచిత్రం వేస్తే, ఆ అబద్ధం పాఠకుడి అలమారాలో పదేళ్ళు కూర్చుని నిలదీస్తూనే ఉంటుంది. ఈ-బుక్ కవర్ చెప్పిన అబద్ధం క్లిక్‌తో పాటే మాయమవుతుంది. అబద్ధం చెప్పడానికి ఇంతకంటే సౌకర్యమైన చోటు దొరకదు. కాబట్టి ఇక్కడ నిజం చెప్పే బాధ్యత ఎక్కువే తప్ప తక్కువ కాదు.

ఈ మాటకి మన సాహిత్యంవాళ్ళ దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. "సరుకున్న పుస్తకానికి సింగారం దేనికి? పైన పటారం లోన లొటారం పుస్తకాలకి కావాలి కవర్లు." వినడానికి బావుంటుంది. ఫ్రాన్సులో గల్లిమార్ సంస్థవాళ్ళ 'బ్లాంష్' వరస పుస్తకాలు 1911 నుంచీ దాదాపు ఒకే తీరుగా వస్తున్నాయి. మీగడ రంగు కాగితం, ఎరుపు నలుపు గీతలు, పేరు, అంతే, బొమ్మ లేదు. 1935లో ఇంగ్లాండులో పెంగ్విన్ పుట్టినప్పుడూ బొమ్మల్లేవు. నవలకి నారింజ పట్టీలు, డిటెక్టివ్ కథకి ఆకుపచ్చ, జీవిత చరిత్రకి నీలం. వెల ఆరు పెన్నీలు. వాటికి గౌరవం తగ్గిందా?

తగ్గలేదు. కానీ వాటిని 'డిజైన్ లేని' కవర్లు అనుకోవడం పొరపాటు. ఆ రంగుల లెక్క ఒకరు కూర్చుని ఆలోచించింది. ఆ పక్షి బొమ్మ కోసం ఎడ్వర్డ్ యంగ్ అనే కుర్రాణ్ణి లండన్ జూకి పంపారు. 1947లో యాన్ చికోల్డ్ అనే టైపోగ్రాఫర్ వచ్చి, పెద్దక్షరాల మధ్య ఎంత ఖాళీ ఉండాలో దాకా నియమాలు రాసిపెట్టాడు. అంత పని చేస్తే వచ్చిన నిరాడంబరత అది. అంతకంటే ముఖ్యం, గల్లిమార్ మీగడ రంగు వెనక గల్లిమార్ ఉంది. ఆ ఖాళీ కవర్ "దీన్ని మేం చదివాం, మా పేరు పెట్టాం" అని హామీ ఇస్తోంది. సొంతంగా వేసుకున్న ఈ-బుక్ వెనక అలాంటి ఇల్లు లేదు. ఆ హామీ ఇంకెవరో ఒకరు ఇవ్వాలి.

ఎవరిస్తారు? నా వృత్తిలోవాళ్ళని అడిగితే "టెస్ట్ చెయ్" అంటారు. మా ఆఫీసులో బటన్ రంగు మార్చాలన్నా ఏ/బీ టెస్ట్ చేస్తాం. సగం మందికి ఒక రంగు, సగం మందికి ఇంకోటి చూపించి, ఎవరు ఎక్కువ నొక్కారో లెక్కపెడతాం. కవర్లకీ ఇదే చెయ్యొచ్చు, చేసేవాళ్ళున్నారు. కానీ ఈ పరీక్ష ఏం కొలుస్తుందో గుర్తుపెట్టుకోవాలి. ఎంతమంది నొక్కారో చెబుతుంది. నొక్కి కొన్నవాళ్ళలో 200వ పేజీ దాకా వెళ్ళి, "నాకు చెప్పింది ఒకటి, ఇచ్చింది ఇంకొకటి" అనుకున్నవాళ్ళెందరో ఆ లెక్కలో ఉండదు. ఓ తండ్రి చావు గురించి రాసిన నెమ్మదైన నవలకి, వానలో గొడుగు కింద జంటని పెడితే క్లిక్కులు పెరగొచ్చు. ఆ పెరిగిన ప్రతి క్లిక్కూ మోసపోయిన ఒక మనిషే.

ప్రొఫెషనల్స్ చేస్తే ఇలా జరగదు అనడానికీ లేదు. 2009లో ఆస్ట్రేలియా రచయిత్రి జస్టిన్ లార్బలెస్టియర్ 'లయర్' అనే నవల రాశారు. కథ చెప్పే అమ్మాయి నల్లజాతి పిల్ల, పొట్టి జుట్టు. అమెరికాలో ఆ పుస్తకం వేసిన బ్లూమ్స్‌బరీవాళ్ళు ముఖచిత్రం మీద పొడుగు జుట్టు తెల్ల అమ్మాయి ఫోటో తయారుచేశారు. చూడ్డానికి ఆ కవర్‌లో వంక పెట్టేదేమీ లేదు. ఫోటో బావుంది, అక్షరాలు బావున్నాయి. ఉన్న దోషం ఒక్కటే, అది పుస్తకంలోని మనిషి కాదు. రచయిత్రి బయటికి వచ్చి మాట్లాడారు, పాఠకులు గొడవ చేశారు, చివరికి కవర్ మార్చారు. పనితనం ఒకటి, నిజాయితీ ఒకటి అని చెప్పడానికి నాకు దీనికంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఆ గొడవలో నన్ను ఆపేసిన విషయం ఇంకొకటుంది. ఆ కవర్ నిర్ణయం ఆవిడ చేతిలో లేదు. ప్రచురణకర్తలున్న లోకంలో సాధారణంగా అంతే, రచయిత అభిప్రాయం చెప్పొచ్చు, బతిమాలొచ్చు. కాఫ్కా కూడా బతిమాలినవాడే. 1915లో 'మెటమార్ఫసిస్' పుస్తకంగా రాబోతుంటే, ఓటోమార్ స్టార్కే అనే చిత్రకారుడు కవర్ వేస్తున్నాడని తెలిసి ప్రచురణ సంస్థకి ఉత్తరం రాశాడు. ఆ పురుగుని మాత్రం గీయొద్దు, దూరం నుంచి కనిపించేలా కూడా వద్దు అని ఆ ఉత్తరం సారాంశం. కావాలంటే వెలుగున్న గదిలో అమ్మానాన్నా చెల్లెలూ, పక్కన చీకటిగదికి తెరిచి ఉన్న తలుపూ వేయొచ్చని సూచించాడు కూడా. చివరికి వచ్చిన బొమ్మలో పురుగు లేదు. డ్రెస్సింగ్ గౌను తొడుక్కున్న ఒక మనిషి మొహం చేతుల్లో దాచుకుని, తెరిచి ఉన్న తలుపు నుంచి ఇవతలికి నడుస్తుంటాడు. తలుపు వెనకంతా చీకటి. ఆ కథ చదివినవాళ్ళకి తెలుసు, పురుగుని గీసి ఉంటే కథ సగం చచ్చిపోయేది. పాఠకుడు తన బుర్రలో కట్టుకోవాల్సినదాన్ని ముఖచిత్రం ముందే కట్టేసి ఇచ్చేది.

సొంతంగా ప్రచురించుకునే రచయిత ఎవరికీ అలాంటి ఉత్తరం రాయనక్కర్లేదు. కాఫ్కా తనే, ప్రచురణ సంస్థా తనే. ఈ స్వేచ్ఛని అందరూ పొగుడుతారు. దానివల్ల పోయేదేమిటో మాత్రం ఎవరూ చెప్పరు. పోయేది సాకు. "కవర్ నా చేతుల్లో లేదండీ, వాళ్ళు పెట్టేశారు" అనే మాట ఇక చెల్లదు. ముఖచిత్రం ఏం చెప్పినా, చెప్పింది రచయితే. కథలో ఒక వాక్యం అబద్ధంగా పడితే ఎంత ఇబ్బంది పడాలో, కవర్ మీద పడితే కూడా అంతే ఇబ్బంది పడాలి.

మరి ఇందులో ప్రొఫెషనల్ డిజైనర్ చేసేదేమిటి? ఇది నాకు ఒక స్నేహితుడి పుస్తకం వల్ల అర్థమైంది. వాడిది శ్రీకాకుళం జిల్లా. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళ గురించి తొమ్మిది కథలు రాసి, ఈ-బుక్‌గా వేసుకుందామనుకున్నాడు. కవర్ తనే ఏఐతో చేసి నాకు పంపాడు. ఎర్రటి సూర్యాస్తమయం, కొబ్బరి చెట్టు, తల మీద గంపతో నడిచే ఒక స్త్రీ నీడ.

"బానే ఉంది కదరా? రెండు నిమిషాల్లో వచ్చేసింది," అన్నాడు.

"బానే ఉంది. ఈవిడ నీ ఏ కథలో ఉందో చెప్పు," అన్నాను.

వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఎవరో చెబితే ఒక డిజైనర్‌ని పట్టుకున్నాడు. ఆవిడ ఆరు వేలు అడిగింది, పది రోజులు టైమడిగింది. ఐదో రోజున ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఇది: "మీ కథల్లో ఆడవాళ్ళందరూ పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడు చేతులు కొంగులో దాచుకుంటారేంటండీ?" పిక్క పైతొక్కలో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది, వేళ్ళు నల్లబడిపోతాయి, ఎన్ని రోజులు కడిగినా పోదు. వాడికిది పుట్టినప్పటి నుంచీ తెలుసు. తెలుసు కాబట్టే, తొమ్మిది కథల్లో నాలుగింట్లో ఆ చేతులు దాచుకోవడం రాశానని వాడికే తెలియలేదు. చివరికి వచ్చిన కవర్‌లో మనుషుల్లేరు. జీడిపప్పు రంగు నేల, దాని మీద అయిదు నల్లటి వేలిముద్రలు, కింద పుస్తకం పేరు. గోరంత చేసినా తెలుస్తుంది, బూడిద రంగుల్లోనూ తెలుస్తుంది. కానీ నేను చెప్పదలచుకున్నది అది కాదు. ఆ పుస్తకానికి అసలు పేరు 'పొద్దుగూకే వేళ'. ఆవిడ ప్రశ్న విన్నాక వాడు పేరు మార్చాడు, ఆఖరి కథ ముగింపు కూడా తిరగరాశాడు.

అంటే ఆరు వేలకి వాడు కొనుక్కున్నది బొమ్మ ఒక్కటే కాదు, ఒక చదువరిని. సొంత ప్రచురణలో రచయిత ఒంటరి. ఎడిటర్ ఉండడు, ప్రూఫులు భార్యో భర్తో దిద్దుతారు, ముందుగా చదివేవాళ్ళందరూ స్నేహితులు, స్నేహితులు "చాలా బావుంది" అంటారు. పుస్తకంతో గానీ రచయితతో గానీ ఏ చుట్టరికమూ లేకుండా, చదవడం తన పనిలో భాగం కాబట్టి చదివే మనిషి ఒక్క కవర్ డిజైనరే కావచ్చు. ప్రొఫెషనల్ అన్న మాటకి నేను చెప్పుకునే అర్థం అదే: చదివినవాళ్ళు, చదివి "ఇది కాదు" అనగలిగినవాళ్ళు. చదవకుండా మూడు టెంప్లేట్లు పంపి ఒకటి ఎంచుకోమనేవాళ్ళు ఎంత బాగా గీసినా ఈ అర్థంలో ప్రొఫెషనల్స్ కారు.

మన దగ్గర ఇది తెలియని విషయమేం కాదు. "ముఖచిత్రం: బాపు", "ముఖచిత్రం: చంద్ర", "ముఖచిత్రం: మోహన్" అని లోపలి పేజీలో వేసుకోవడం అలంకారం కోసం కాదు. ఫలానావారు ఈ పుస్తకానికి ముఖం ఇచ్చారు అని చెప్పుకోవడం. బాపు చేతిరాత చూడగానే పుస్తకంలోకి సగం వెళ్ళిపోయినట్టుండేది. కొన్నిసార్లు అది రచయిత పుస్తకం కంటే బాపు పుస్తకంలా కనబడేదన్న ఫిర్యాదూ ఉంది, అందులో కొంత నిజముంది కూడా. కానీ ఆ ఫిర్యాదు చేయాలంటే కూడా ఒక పేరుండాలి.

ఏఐ కవర్‌తో నా పేచీ అక్కడే. అది అందంగా ఉండదని కాదు, చాలాసార్లు అందంగానే ఉంటుంది. దాని వెనక పుస్తకం చదివి, ఆ ముఖానికి పూచీపడే మనిషి లేడు. ఎర్ర సూర్యుడూ కొబ్బరిచెట్టూ ఏ ఊరివీ కావు, 'పల్లెటూరి ఆడది' అన్న మాటకి ఇంటర్నెట్‌లో పోగుపడిన సగటు అది. అడగకుండా ఎందరు చిత్రకారుల బొమ్మలు తిని ఆ సగటు తయారైందన్నది ఇంకో ప్రశ్న. 2023 సెప్టెంబరు నుంచి కిండిల్‌లో ప్రచురించుకునేవాళ్ళు కవర్ బొమ్మ ఏఐ తయారుచేసిందయితే అమెజాన్‌కి చెప్పాలి. కానీ ఆ సంగతి పుస్తకం పేజీలో పాఠకుడికి చూపించరు. చెప్పాల్సింది దుకాణానికేనా, కొనేవాడికి కాదా?

ఇక డబ్బు. కాపీకి రచయితకి 50 రూపాయలు మిగులుతాయనుకుంటే, ఆరు వేలు రాబట్టడానికి 120 కాపీలు పోవాలి. తెలుగు కథల ఈ-బుక్‌కి అది చిన్న సంఖ్య కాదు. పైగా మన భాషకి దుకాణమే ఇరుకు. 2016 చివర్లో కిండిల్ హిందీ, తమిళ, మరాఠీ, గుజరాతీ, మలయాళ పుస్తకాలు తెచ్చినప్పుడు ఆ ఐదింటిలో తెలుగు లేదు. జీతం రాళ్ళు లెక్కపెట్టుకునే ఒక టీచరుకి, డిగ్రీ చదివే ఓ కుర్రాడికి "ఆరు వేలు పెట్టకపోతే నువ్వు నిజాయితీపరుడివి కాదు" అని చెప్పే హక్కు నాకు లేదు, ఎవరికీ లేదు. నీతి డబ్బున్నవాళ్ళకే అందేదైతే అది నీతి కాదు.

కానీ డబ్బు లేనివాళ్ళకి ఏఐ సూర్యాస్తమయం ఒక్కటే దారి కాదు. బొమ్మ మానేయొచ్చు. ఒక రంగు నేల, దాని మీద పేరు, రచయిత పేరు. మండలి, రామభద్ర, ధూర్జటి, సూరన్న, గిడుగు లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. ఒకటే ఫాంటు, గోరంత చేసినా చదవగలిగే సైజు, అక్షరాల చుట్టూ ఖాళీ. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ఫోటోషాప్ పాత వెర్షన్లలో దక్షిణాసియా లిపుల సెట్టింగ్ ఆన్ చేయకుండా తెలుగు టైపు చేస్తే వత్తులు అక్షరం కింద నుంచి జారి పక్కన కూర్చుంటాయి, 'స్త్రీ' మూడు ముక్కలవుతుంది. ఏఐ బొమ్మల్లోనయితే తెలుగులా కనిపించే గీతలొస్తాయి తప్ప తెలుగు రాకపోవడం తరచూ చూస్తున్నాం. పేరులోనే వత్తు విరిగిన పుస్తకం, లోపల భాష మీద ఎంత ప్రేమ ఉన్నా, "నన్నెవరూ సరిచూడలేదు" అని మొహం మీదే చెప్పేస్తుంది. దీన్ని సరిచేయడానికి డబ్బు అక్కర్లేదు, ఓపిక చాలు. బొమ్మ లేని ఆ కవర్ ఏమీ వాగ్దానం చేయకపోవచ్చు, అబద్ధం మాత్రం చెప్పదు.

డబ్బున్నవాళ్ళకి ఆ సాకు కూడా లేదు. పుస్తకం రాయడానికి లక్షన్నర పెట్టి ల్యాప్‌టాప్ కొనే మనం, ముఖచిత్రం వేసినవాళ్ళకి "ఎక్స్‌పోజర్ వస్తుంది కదండీ" అని చెప్పడం మానేయాలి. డబ్బివ్వాలి, లోపల పేరు వేయాలి. అన్నిటికంటే ముందు పుస్తకం మొత్తం చదవమని పంపాలి. చదివాక వాళ్ళు అడిగే ప్రశ్నలకి మన దగ్గర జవాబు లేకపోతే, పని మిగిలింది కవర్‌లో కాదు, పుస్తకంలో అని తెలుస్తుంది. పాఠకుడి చేతికి వెళ్ళాక తెలియడం కంటే, ఇంకా దిద్దుకునే వీలున్నప్పుడే తెలియడం మేలు కదా.